నగరంలో సైకిల్ ఎక్కడ తొక్కాలి, కారు ఎంత ఎడంగా పోవాలి?

విజయవాడ పటమటలో ఉంటూ గవర్నరుపేటలోని కార్యాలయానికి రోజూ సైకిల్ మీద వెళ్లే మీరు మూడు విషయాలు అడిగారు. బందరు రోడ్డు మీద కార్లు, ఆటోలు వెనుక నుంచి హారన్ కొడుతూ అంచుకు నెట్టేస్తున్నాయి, అంచుకు పోతే ఆగి ఉన్న వాహనాలు, ఎత్తుపల్లాల మ్యాన్‌హోల్ మూతలు అడ్డం వస్తున్నాయి, అలాంటప్పుడు సైకిల్ అసలు ఎక్కడ తొక్కాలన్నది మొదటిది. ఈమధ్య ఒక కారాయన అద్దం దించి ‘రోడ్డు నీ సొంతమా’ అని కేకలేసి వెళ్లాడు, తప్పు నిజంగా మీదేనా అన్నది రెండవది. ఇంట్లోవాళ్లు సైకిల్ మానేసి బండి కొనుక్కోమంటున్నారు, మానేయాలా అన్నది మూడవది. నేను చాలా ఏళ్లుగా డ్రైవింగ్ శిక్షణలో ఉన్నాను. కారు, లారీ స్టీరింగు పట్టేవాళ్లకు పాఠం చెప్పడం నా వృత్తి, ఊళ్లో నా సొంత పనులకు మాత్రం సైకిలే వాడతాను. రెండు చోట్ల నుంచీ రోడ్డును చూసినవాణ్ని కాబట్టి కొంత వివరంగానే రాస్తాను.

ముందుగా సైకిల్ ఎక్కడ తొక్కాలో చెబుతాను. రోడ్డు ఎడమ అంచును ఆనుకుని కాకుండా, అంచు నుంచి సుమారు ఒక మీటరు లోపలికి, వంకరలు లేని ఒకే గీతలో తొక్కండి. ఎడమ పక్కన కార్లు ఆగి ఉంటే ఆ కార్ల నుంచి మీటరుకు పైనే ఎడం ఉంచండి. ఇది చాలామందికి వింతగా తోస్తుంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి మనకు అందరూ నేర్పింది ‘పక్కకు తొక్కు’ అనే. పక్కకు తొక్కడం క్షేమం అనిపించడానికి కారణం వెనుక నుంచి వచ్చే వాహనం మీది భయం. కానీ నగరంలో సైకిల్‌వాళ్లు పడిపోవడానికి అసలు కారణాలు చాలావరకు ఎడమ అంచులోనే పొంచి ఉంటాయి. డివైడరు నుంచి కొట్టుకొచ్చి చేరిన ఇసుక, రోడ్డు వేసిన ప్రతిసారీ తారు మందం పెరిగి లోతుకు దిగిపోయిన మ్యాన్‌హోల్ మూత, మురుగు జాలీ, హఠాత్తుగా తెరుచుకునే కారు తలుపు, ప్రయాణికుణ్ని దించడానికి ఆగి మళ్లీ కదిలే ఆటో, సందులోంచి ముక్కు బయటపెట్టే బండి, ఇవన్నీ ఆ ఒక్క మీటరులోనే ఉంటాయి. అంచును పట్టుకుని తొక్కేవాడు వీటిలో ఏది ఎదురైనా కుడి వైపుకు తప్పుకోక తప్పదు. అలా చెప్పాపెట్టకుండా తప్పుకున్న క్షణంలోనే వెనుక వచ్చే కారుకు దొరికిపోతాడు. అంటే అంచులో తొక్కేవాడు పాములా మెలికలు తిరుగుతూ పోవలసి వస్తుంది, ఒక మీటరు లోపల తొక్కేవాడు తిన్నగా పోగలడు. వెనుక ఉన్న డ్రైవరుకు కావలసింది కూడా అదే. ముందున్న సైకిల్ మరుక్షణంలో ఎక్కడ ఉంటుందో అతనికి ముందే తెలియాలి.

లోపలికి తొక్కడంలో ఇంకో మేలు ఉంది. కారు నడిపేవాడి చూపు అలవాటుగా తన వరుస మధ్యలో ఉంటుంది. గోడవార నీడలోనో, ఆగి ఉన్న వ్యాను చాటునో ఉన్న సైకిల్ కంటికి ఆనినా మనసుకు పట్టదు. అదే సైకిల్ చూపు పడే చోట ఉంటే, డ్రైవరు విసుక్కున్నా సరే, చూశాడన్నమాట. విసుక్కున్నవాడు గుద్దడు. చూడనివాడే గుద్దుతాడు.

అయితే ఒక మీటరు అన్నది అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. రోడ్డు వెడల్పుగా ఉండి, వెనుక వాహనం మిమ్మల్ని హాయిగా దాటిపోగల చోట మరీ మధ్యకు రావలసిన పని లేదు. రోడ్డు ఇరుకై, సైకిలూ కారూ పక్కపక్కన పట్టని చోట మాత్రం సగం దారి ఇవ్వడమే ప్రమాదం. చిట్టినగర్ సొరంగాన్ని తీసుకోండి. లోపల అంచుకు ఒదిగితే వెనుకవాడు ‘పడుతుందిలే’ అనుకుని మీకూ గోడకూ మధ్య జానెడు కూడా మిగల్చకుండా దూరుతాడు. అక్కడ మీ వరుస మధ్యలోకి వచ్చి, సొరంగం దాటేదాకా అలాగే తొక్కి, బయటపడగానే ఎడమకు జరిగి దారి ఇవ్వాలి. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ ఉన్న సందుల్లోనూ అంతే. అక్కడ ఏ వాహనమూ ఎలాగూ సైకిల్ కంటే వేగంగా పోలేదు, కనుక ఎవరికీ నష్టం లేదు. వరుస మధ్యలోకి వచ్చే ముందు వెనక్కి తిరిగి చూడడం, కుడి చేయి చాపి చూపడం తప్పనిసరి. ఈ చేయి చాపే అలవాటు మన ఊళ్లలో దాదాపు పోయింది. సైకిల్‌కు ఇండికేటర్ లేదు కాబట్టి మీరు ఎటు వెళ్లబోతున్నారో చెప్పే సాధనం ఆ చేయి ఒక్కటే.

ఫ్లైఓవర్ల సంగతి వేరు. బెంజిసర్కిల్ ఫ్లైఓవర్ మీద పోయేది చెన్నై, కోల్‌కతాల మధ్య నడిచే 16వ నంబరు జాతీయ రహదారి వాహనాలు. దూరప్రయాణపు లారీ డ్రైవరు ఆ ఎత్తు ఎక్కగానే ఊరు దాటిపోయినట్లే భావిస్తాడు, అక్కడ సైకిల్ ఉంటుందని అతని మనసు ఊహించదు. కింద సర్వీసు రోడ్డు ఎంత రద్దీగా ఉన్నా మీరు దానిలోనే వెళ్లండి. 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ విషయంలోనూ నా సలహా ఇదే, కింది పాత దారిలో భక్తుల రద్దీ ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పోవలసి వస్తుంది, అది మంచిదే. ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది, పొడవు 1,200 మీటర్ల పైమాటే. భారీ వాహనాలను దాని మీదికి రానివ్వరు గనుక ఉదయం పూట సీతానగరం, ఉండవల్లి వైపు సైకిల్ మీద పోయేవాళ్లకు అది ఇష్టమైన దారి. కానీ ఒకసారి ఎక్కాక పక్కకు తప్పుకోవడానికి చోటు లేని దారి కూడా అదే. జంటగా పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కేవాళ్లు అక్కడైనా ఒకరి వెనుక ఒకరు రావాలి.

ఇక మీ రెండవ ప్రశ్న. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ రోజు మీ తప్పు లేదు. రోడ్డు ఆయన సొంతం కానట్లే మీ సొంతమూ కాదు, కానీ దాని మీద తొక్కే హక్కు మీకు ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఆ కారణం చేతనే రోడ్డు మీద దానికి హక్కు లేదని చాలామంది డ్రైవర్లు నిజంగానే నమ్ముతారు. ‘పన్ను కట్టేది మేము’ అనే మాట శిక్షణకు వచ్చిన కుర్రాళ్ల నోట నేను తరచూ వింటాను. నగర వీధులు ప్రజలందరి సొమ్ముతో వేసినవి, వాటిని కారు పన్ను కట్టినవాళ్లకు కేటాయించినట్లు ఏ చట్టంలోనూ లేదు. పైగా 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిల్‌వాళ్లు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల భద్రత కోసం ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని డ్రైవరుకే బాధ్యత పెట్టాయి. 1988 చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగుకు శిక్ష చెబుతుంది. 2019 సవరణ తర్వాత, నియమానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, రాకపోకల దిశకు ఎదురుగా నడపడం, చేతిలో ఫోను పట్టుకోవడం కూడా స్పష్టంగా దాని కిందికి వచ్చాయి. మొదటి తప్పుకు కనీసం 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

సైకిల్‌ను దాటేటప్పుడు ఎన్ని అడుగుల ఎడం ఉండాలో మన నిబంధనలు అంకెల్లో చెప్పలేదు. బ్రిటన్‌లో గంటకు 30 మైళ్ల లోపు వేగంలో కనీసం 1.5 మీటర్లు విడిచిపెట్టాలని 2022లో తమ రోడ్డు నియమావళిలో చేర్చారు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు తప్పనిసరి. నేను నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఇదే కొలత చెబుతాను. చేయి పూర్తిగా చాపి, ఆ చివర ఇంకో చేయంత ఖాళీ ఊహించుకోండి, అంత ఉంటేనే దాటండి, లేకపోతే వెనుకే ఆగండి. ‘వెనుక ఆగితే ట్రాఫిక్ జామ్ అవుతుంది కదా’ అంటారు. బందరు రోడ్డు మీద సైకిల్ వెనుక పది సెకన్లు ఆగిన కారు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆ పది సెకన్లను ఎర్ర దీపం కింద ఎలాగూ పోగొట్టుకుంటుంది. చాలాసార్లు ఆ సిగ్నల్ దగ్గర సైకిలే వచ్చి కారు పక్కన నిలబడుతుంది.

ఇంత ఎడం ఎందుకన్నది నా వృత్తిలో అన్నిటికంటే కష్టపడి నేర్పవలసిన విషయం. కారులో కూర్చున్నవాడికి తాను తాకకుండా వెళ్లడమే చాలు అనిపిస్తుంది. సైకిల్ మీద ఉన్నవాడు నిలువుగా ఉండగలుగుతున్నది చక్రాలు కదులుతుండడం వల్ల, శరీరం క్షణక్షణం అటూ ఇటూ సర్దుకుంటుండడం వల్ల. తిన్నగా తొక్కేవాడు కూడా కొద్దిగా ఊగుతూనే ఉంటాడు. పక్క నుంచి బస్సు పోతే దాని ముందు తోసుకొచ్చే గాలి మొదట అంచు వైపు నెడుతుంది, బస్సు మధ్య భాగం దాటేటప్పుడు లోపలికి లాగుతుంది. క్యారియరు మీద పాల క్యాన్లో, హ్యాండిల్‌కు కూరగాయల సంచులో ఉన్నవాడికి ఆ ఊపును తట్టుకోవడం ఇంకా కష్టం. దానికి తోడు వేగం ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది, 30 కిలోమీటర్ల వేగంలో 8 మీటర్లకు కాస్త ఎక్కువ. మనిషి కళ్లతో చూసి, మనసుకు పట్టి, కాలు బ్రేకు మీద పెట్టేసరికే ఒక సెకను గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. కార్లూ కాలినడకవాళ్లూ సైకిళ్లూ కలిసి తిరిగే వీధుల్లో గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లకు మించకూడదని రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సమావేశం 2020లో చేసిన స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది ఈ లెక్క వల్లనే. గవర్నరుపేట, సూర్యారావుపేట, సత్యనారాయణపురం లోపలి వీధుల్లో 30 దాటవలసిన అవసరం ఎవరికీ లేదు.

హారన్ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి. హారన్ కొట్టిన డ్రైవరు ‘నేను వస్తున్నాను, జాగ్రత్త’ అని మర్యాదగా తెలియజేశాననే అనుకుంటాడు. అది వెనుక నుంచి, రెండు గజాల దూరంలో, ఒక్కసారిగా చెవిలో పడ్డ సైకిల్‌వాడికి ‘తప్పుకో’ అని గద్దించినట్లు ఉంటుంది. ఉలిక్కిపడినవాడి చేయి హ్యాండిల్‌ను కదిలిస్తుంది. అంటే ప్రమాదం తప్పించడానికి కొట్టిన హారనే ప్రమాదానికి కారణమవుతుంది. కొట్టవలసి వస్తే చాలా ముందు నుంచి, ఒకే ఒక్కసారి, చిన్నగా కొట్టాలి, తర్వాత ఎడంగా పోవాలి. పక్కకు వచ్చాక కొట్టే హారన్ వల్ల ఏ ప్రయోజనమూ లేదు. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ మోగించకూడదని నిబంధనలే చెబుతున్నాయి, గాలి ఒత్తిడితో పనిచేసే హారన్లు, రకరకాల స్వరాలు పలికే హారన్లు నిషిద్ధం. హారన్ మోగింది కాబట్టి సైకిల్‌వాడు జరగాల్సిందే అన్న భావన మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మీరు వెనుక హారన్ వినగానే అంచుకు దూకకండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, అదే గీతలో సాగి, ఎడమ వైపు నిజంగా ఖాళీ కనబడిన చోట మీ అంతట మీరు దారి ఇవ్వండి. దారి ఇచ్చినప్పుడు చేయి ఊపి ‘వెళ్లండి’ అని చూపితే చాలామంది డ్రైవర్లు మెత్తబడతారు.

మీరు తప్పక తెలుసుకోవలసిన రెండు సందర్భాలు ఉన్నాయి. మొదటిది కూడళ్ల దగ్గర ఎడమ మలుపు. కారువాడు మిమ్మల్ని దాటి, వెంటనే ఫ్రీ లెఫ్ట్‌లోకి తిరుగుతాడు, మీరు తిన్నగా పోతున్నారు, అతని ఎడమ వైపు మీ ముందుకు అడ్డంగా వచ్చేస్తుంది. బెంజిసర్కిల్ దగ్గరా, రామవరప్పాడు రింగ్ దగ్గరా ఇది నిత్యం జరిగే సంగతి. లారీ అయితే ఇంకా ఘోరం. మన లారీలో డ్రైవరు కుడి వైపు ఎత్తున కూర్చుంటాడు, ఎడమ ముందు చక్రం పక్కన ఉన్న సైకిల్ అద్దాలు ఉన్నా అతనికి కనబడదు. పైగా మలుపులో వెనుక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఆటోనగర్ గేట్ల దగ్గర ఆగి ఉన్న లారీకి ఎడమ పక్కన సందు కనబడిందని ఎన్నడూ దూరకండి. లారీ వెనుకే ఉండండి, లేదా డ్రైవరు ముఖం మీకు కనబడేంత ముందుకు వెళ్లి నిలబడండి. అతని ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడనట్లే.

రెండవది కారు తలుపు. నేను నేర్పే వాళ్లందరికీ తలుపుకు దూరంగా ఉండే చేతితోనే తలుపు తెరవమని చెబుతాను. కుడి సీటులో ఉన్న డ్రైవరు ఎడమ చేత్తో కుడి తలుపు గడియ అందుకోవాలంటే నడుము తిప్పక తప్పదు, నడుము తిరిగితే చూపు తనంతట తానే వెనక్కి పోతుంది. ఎడమ వైపు దిగేవాళ్లు కుడి చేయి వాడాలి. ఇది నెదర్లాండ్స్ దేశం నుంచి ప్రపంచానికి అబ్బిన అలవాటు, నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

సైకిల్ తొక్కేవాళ్లు చేసే తప్పులు కూడా ఉన్నాయి, వాటిని దాచడం వల్ల సైకిల్‌వాళ్లకే చేటు. అన్నిటికంటే పెద్దది రాంగ్ రూట్. ఎందుకు అలా వస్తారో నాకు తెలుసు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద డివైడరుకు దారులు దూరదూరంగా ఉంటాయి. కారుకు యూ టర్న్ కోసం అర కిలోమీటరు పోయి రావడం పాదం కింద చిన్న ఒత్తిడి, మే నెల ఎండలో సైకిల్‌కు అది కాళ్ల సత్తువ. అయినా ఎదురు రావద్దనే గట్టిగా చెబుతాను. మీరు 15 కిలోమీటర్ల వేగంతో, కారు 40 కిలోమీటర్ల వేగంతో ఒకే దిశలో పోతుంటే కారు మిమ్మల్ని సమీపించే వేగం 25, ఎదురుగా వస్తే అది 55 అవుతుంది. ఇంకొక కారణం చాలామందికి తట్టదు. సందులోంచి పెద్ద రోడ్డులోకి ఎడమకు తిరిగే డ్రైవరు తన కుడి వైపే చూస్తాడు, ఎందుకంటే వాహనాలు వచ్చేది అటు నుంచే. రాంగ్ రూట్‌లో వచ్చే సైకిల్ అతని ఎడమ వైపు నుంచి వస్తుంది, అతను చూడనే చూడడు. తప్పనిసరి అయితే దిగి, సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ కాలిబాట మీద పొండి.

చీకటి పడ్డాక దీపం లేకుండా తొక్కడం రెండవ తప్పు. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు తెల్లది, పెడళ్లకు, చక్రాలకు పసుపువి ఉండాలి. వాటితోపాటు వెనుక మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఒకటి బిగించండి, దాని ఖరీదు ఒక పూట భోజనానికి మించదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం, ఎర్ర దీపాన్ని ‘సైకిలే కదా’ అని దాటేయడం గురించి ఎక్కువ చెప్పను, అవి తప్పని అందరికీ తెలుసు. నిర్లక్ష్యంగా వాహనం నడిపి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే శిక్షించే భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ సైకిల్‌కు కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోండి. కాలినడకన పోయే వృద్ధురాలికి సైకిలే కారు లాంటిది.

రెండు పక్షాల తప్పులూ చెప్పాను కదా అని రెండూ సమానమని అనుకోవద్దు. సైకిల్‌వాడి తప్పుకు సాధారణంగా అతని ఎముకలే విరుగుతాయి, కారువాడి తప్పుకు కూడా సైకిల్‌వాడి ఎముకలే విరుగుతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. చేతిలో ఎక్కువ బరువు, ఎక్కువ వేగం ఉన్నవాడి మీద ఎక్కువ బాధ్యత ఉండాలన్నది నా దృఢమైన అభిప్రాయం. లైసెన్సు ఇచ్చే ముందు పరీక్ష పెట్టేది కూడా అందుకే.

ఆటోవాళ్ల గురించి ఒక మాట. మీరు వాళ్ల మీద చాలా కోపంగా రాశారు. ఏలూరు రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కడపడితే అక్కడ ఆగుతుందంటే, ప్రయాణికుడు ఎక్కడపడితే అక్కడ చేయి ఎత్తుతాడు, ఆగకపోతే వెనుక వచ్చే ఆటో ఎక్కించుకుంటుంది. ఆటో ఆగడానికంటూ గుర్తించిన చోటు దాదాపు ఎక్కడా లేదు. అతనూ మీలాగే ఆ ఎడమ అంచు మీదే బతుకుతున్నాడు. ముందు ఆటోలో వెనుక సీటులోని మనిషి డ్రైవరు వైపు వంగడమో, చిల్లర తీయడమో కనిపిస్తే అది ఆగబోతోందని గ్రహించండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఉదయం ఆరు గంటలకు హెల్మెట్టు, రంగురంగుల బిగుతు దుస్తులు వేసుకుని ఖరీదైన సైకిల్ మీద వచ్చేవాళ్లకు కార్లు కాస్త ఎడంగానే పోతాయి. రెండు గంటల తర్వాత అదే దారిలో కృష్ణలంక నుంచో, సింగ్‌నగర్ నుంచో పాత సైకిల్ మీద పనికి వచ్చే మేస్త్రీకి, వాచ్‌మన్‌కు, పాల మనిషికి ఆ ఎడం దొరకదు. నగరంలో అసలు సైకిల్ తొక్కేది వాళ్లే. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. వాళ్లు ఫిర్యాదు రాయరు, సమావేశాలకు రారు, కాబట్టి రోడ్లు గీసేవాళ్లకు కనబడరు. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ దారిని సౌర పలకల కప్పుతో కట్టారు. అది చక్కటి దారే, వ్యాయామానికి అక్కరకొస్తుంది. పనికి పోయే మనిషికి కావలసింది మాత్రం ఇంటికీ పనికీ మధ్య ఉన్న దారి. విజయవాడలో అటువంటిదానికి వీలు ఉంది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఊరి మధ్య నుంచే పోతున్నాయి, వాటి గట్లు ఎత్తు పెద్దగా లేని సమతలం, చెట్లు పెంచితే నీడ ఉంటుంది. గట్ల వెంట ఆక్రమణలు లేని చోట్ల నుంచి మొదలుపెట్టి, రెండు మూడు చోట్ల పెద్ద రోడ్లను దాటే ఏర్పాటు చేస్తే ఊరి ఒక కొస నుంచి ఇంకో కొసకు సైకిల్ దారి తయారవుతుంది. రంగు పూసి గీత గీసినంత మాత్రాన చాలదు, గీతను సాయంత్రానికల్లా పార్కింగు మింగేస్తుంది. కట్టేటప్పుడే రోడ్డుకూ సైకిల్ దారికీ మధ్య చిన్న ఎత్తు గట్టు పెట్టాలి.

అలా చోటు ఇవ్వడం మన ఊరికి చేతకానిది కాదు. ప్రతి దసరాకూ ఇంద్రకీలాద్రి కింద రోడ్డును నడిచేవాళ్లకు వదిలి, వాహనాలను దారి మళ్లిస్తున్నారు, ఊరంతా దానికి సర్దుకుంటోంది. నెదర్లాండ్స్‌లో కూడా సైకిల్ దారులు పుట్టుకతో రాలేదు. 1971లో ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోతే తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, ఆ తర్వాతే దారులు మారాయి.

ఇక మీ మూడవ ప్రశ్న. సైకిల్ మానేయమని నేను చెప్పను, మీ దారిని, వేళను మార్చుకోమంటాను. పటమట నుంచి హైవేను సర్వీసు రోడ్డు దగ్గర సిగ్నల్ చూసి దాటి, మొగల్రాజపురం లోపలి వీధుల గుండా సూర్యారావుపేట, అక్కడి నుంచి గవర్నరుపేట చేరవచ్చు. పది నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు, కానీ బస్సుల గాలి మీకు తగలదు. ముందుగా ఒక ఆదివారం ఉదయం ఆ దారిలో పోయి గుంతలు, మలుపులు చూసుకోండి. వీలైతే బడులు తెరిచే వేళకు అరగంట ముందే బయలుదేరండి. చట్టం మోటారు సైకిల్‌కే హెల్మెట్టు తప్పనిసరి చేసింది, అయినా మీరు పెట్టుకోండి, ఇంట్లోవాళ్ల భయం సగం తగ్గుతుంది.

ఎప్పుడైనా దెబ్బ తగిలితే ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి, బండి నంబరు, చోటు, సమయం వెంటనే రాసుకోవాలి లేదా ఫొటో తీయాలి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం చట్టం ప్రకారం ఆ వాహన డ్రైవరు బాధ్యత, ఆదుకున్న దారినపోయేవాళ్లను ఎవరూ వేధించకుండా 2019 సవరణ రక్షణ ఇచ్చింది. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి మొదటి 7 రోజుల్లో 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమలులో ఉంది, సైకిల్‌వాళ్లకు కూడా అది వర్తిస్తుంది. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే తీవ్రమైన గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయల పరిహారం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. వాహనం తెలిస్తే మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2019 సవరణ దానికి 6 నెలల గడువు పెట్టింది కాబట్టి, గాయం మానాక చూద్దామని కూర్చోకుండా, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి ఆ కాగితం నకలు తీసుకుని ఉంచుకోండి.